“సినిమాలో చూసినప్పుడు లేని తప్పు ఇక్కడెక్కడిది?”

ప్రశ్న:

నమస్తే మేడమ్. నాకు 36 ఏళ్లు. మియాపూర్ దగ్గర ఒక అపార్ట్‌మెంట్‌లో సొంత ఫ్లాట్ మాది. ఒక బాబు. వాడు పడుకున్నాక మా ఆయన, నేను ఓటీటీలో సినిమాలు చూస్తాం. ఆయనకి థ్రిల్లర్లంటే ఇష్టం, అందులోనూ కాస్త శృంగారం ఉన్నవి. నాకూ ఇష్టమే, దాచుకోవడం ఎందుకు? ‘స్లివర్’, ‘బాడీ డబుల్’, ‘ది వాయర్స్’ అన్నీ కలిసి చూసినవే.

పోయినేడాది మా ఆయన అసోసియేషన్ సెక్రటరీ అయ్యారు. గేటు, పార్కింగ్, లిఫ్టు, ప్రతి ఫ్లోర్ కారిడార్, టెర్రస్ మెట్లు, అన్ని కెమెరాలూ ఆయన ఫోన్లోనే కనిపిస్తాయి. మొదట్లో బైకుకి గీత పడిందనో, పార్సిల్ కనపడలేదనో చూసేవారు. ఇప్పుడు రోజూ పడుకునే ముందు చూడటం అలవాటైపోయింది. నాలుగో ఫ్లోర్లో ఇద్దరమ్మాయిలు అద్దెకుంటారు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు. అందులో ఒకమ్మాయి ఎన్నింటికొచ్చింది, ఎవరితో వచ్చింది అన్నీ ఆయనకి నోటికి వచ్చు. పేరు కూడా అనరు, “ఫోర్ నాట్ టూ వచ్చిందోయ్” అంటారు. పోయిన నెల ఆ అమ్మాయి, ఆమె స్నేహితుడు లిఫ్టులో ముద్దు పెట్టుకున్న క్లిప్ సేవ్ చేసి, మా ఇంటికొచ్చిన ఇద్దరు కమిటీ మెంబర్లకి చూపించారు. ముగ్గురూ నవ్వుకున్నారు. వంటింట్లోంచి నేను చూశాను.

రాత్రి అడిగితే, “నువ్వూ నా పక్కన కూర్చుని అలాంటి సినిమాలే చూశావుగా. సినిమాలో చూసినప్పుడు లేని తప్పు ఇక్కడెక్కడిది? అయినా కెమెరా ఉందని తెలిసీ లిఫ్టులో అలా చేయమని ఎవరన్నారు?” అన్నారు. నాకు జవాబు దొరకలేదు. నాదే చాదస్తమా? ఆ సినిమాలు చూడటం వల్లే ఇలా అయిందా, మానేయాలా? ఆ అమ్మాయికి చెప్పాలా? దయచేసి పేరు వేయకండి.

సమాధానం:

మీది చాదస్తం కాదండీ. వంటింట్లోంచి ఆ ముగ్గురి నవ్వూ విన్నప్పుడు మీకు కలిగిన ఇబ్బంది సరైనదే. దాన్ని ఎవరి మాటకో లొంగి సర్దేసుకోకండి.

కానీ మీ వారు అడిగింది గట్టి ప్రశ్న. “ఛీ, తప్పు” అని వదిలేస్తే ఆయనకది జవాబుగా వినిపించదు, మీకూ లోపల తొలుస్తూనే ఉంటుంది. ఆయన వాదనంతా సినిమాల మీదే నిలబడింది కాబట్టి నేనూ అక్కణ్నుంచే మొదలుపెడతాను. ఈ తరహా సినిమాలంటే నాకూ ఇష్టమే. వాటిని వెనకేసుకు రావాలనే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

‘స్లివర్’ గుర్తు చేసుకోండి. ఐరా లెవిన్ నవల ఆధారంగా ఫిలిప్ నాయిస్ 1993లో తీసిన సినిమా. న్యూయార్క్‌లో సన్నగా, నిటారుగా నిలబడ్డ ఒక టవర్. షారన్ స్టోన్ వేసిన కార్లీ అందులో ఫ్లాట్ తీసుకుంటుంది. విలియం బాల్డ్విన్ వేసిన జీక్ ఆమెకి దగ్గరవుతాడు. ఆ భవనం యజమాని అతనేననీ, ఫ్లాట్లన్నిటిలోనూ రహస్యంగా కెమెరాలు పెట్టించాడనీ తర్వాత బయటపడుతుంది. ఒక గది నిండా తెరలు. వాటి ముందు కూర్చుని ఇంటింటి బతుకూ చూస్తుంటాడు. ఆ గదిని కార్లీకి చూపిస్తాడు. ఆమె ముందు అదిరిపోతుంది. తర్వాత తనూ కూర్చుని చూడటం మొదలుపెడుతుంది.

ఆ సీను దగ్గర మీకూ కాస్త ఇబ్బందిగా అనిపించే ఉంటుంది. చూడాలన్న కోరిక జీక్ ఒక్కడిదే కాదు, కార్లీకీ ఉంది, టీవీ ముందు కూర్చున్న మనకీ ఉంది. ఎదురింటి కిటికీలో దీపం వెలిగితే కన్ను అటు పోతుంది, అది మనిషి నైజం. మీకు ఆ కోరిక ఉన్నందుకు సిగ్గుపడక్కర్లేదు. మీ వారు అసలు విషయం వదిలేసి మీ సిగ్గుని పట్టుకున్నారు. “నువ్వూ చూశావుగా” అంటే మీరు నోరు మూసుకుంటారని ఆయనకి తెలుసు.

కోరిక ఉండటం వేరు, తాళంచెవి చేతిలో ఉండటం వేరు. జీక్ చూడగలుగుతున్నాడంటే ఆ భవనం అతనిది కాబట్టి. అద్దెకున్నవాళ్లకి అతను చూస్తున్న సంగతే తెలియదు. మీ అపార్ట్‌మెంట్‌లోనూ అంతే. ఆ అమ్మాయి రాకపోకలన్నీ మీ వారికి తెలుసు, ఆయన చూస్తున్నట్టు ఆమెకి తెలియదు. రేపు లిఫ్టు దగ్గర ఎదురైతే ఆమె “నమస్తే అంకుల్” అంటుంది. ఆయన తిరిగి నమస్తే పెడతారు, ఆ క్లిప్ జేబులో పెట్టుకుని. కార్లీ పాత్ర వేసిన నటికి మాత్రం అన్నీ తెలుసు. స్క్రిప్టు చదివింది, ఒప్పందం మీద సంతకం పెట్టింది, కెమెరా ఎక్కడుందో, ఎవరు చూడబోతున్నారో తెలిసే దాని ముందు నిలబడింది. మీ వారి మొదటి ప్రశ్నకి నా జవాబు ఇదే. చూడబడే మనిషి ఒప్పుకుందా లేదా అన్నదే తేడా.

అయితే సినిమావాళ్లు కూడా ఈ ఒప్పుకోలు విషయంలో ఎప్పుడూ శుభ్రంగా లేరు, ఆ మాటా చెప్పాలి. ‘బేసిక్ ఇన్‌స్టింక్ట్’లో ఒక షాట్ గురించి తనకి ముందు చెప్పింది ఒకటి, తెరమీద చూసింది ఒకటి అని ఇదే షారన్ స్టోన్ 2021లో వచ్చిన తన జ్ఞాపకాల పుస్తకంలో రాసింది. దర్శకుడు పాల్ వెర్హోవెన్ ఆ మాట ఒప్పుకోలేదు. ఇలాంటి గొడవలు చూశాకే, శృంగార సన్నివేశాలు తీసేటప్పుడు నటీనటుల తరఫున ఒక మనిషి సెట్‌లో ఉండాలన్న పద్ధతి వచ్చింది. అమెరికా టీవీ సంస్థ హెచ్‌బీవో 2018లో దాన్ని తన నిర్మాణాలకి నియమంగా పెట్టుకుంది. వాళ్లని ఇంటిమసీ కోఆర్డినేటర్లంటారు. ఏది తీయొచ్చు, ఏది తీయకూడదు అన్నది ముందే మాట్లాడి రాసుకుంటారు. డబ్బు తీసుకుని, ఇష్టపడి నటించే వాళ్లకే ఇన్ని జాగ్రత్తలు అవసరమయ్యాయంటే, ఆఫీసు నుంచి అలసిపోయి లిఫ్టెక్కిన అమ్మాయికి ఎన్ని ఉండాలో ఆయన్నే ఆలోచించమనండి.

‘స్లివర్’ గురించి ఇంకొక్క మాట. అది గొప్ప సినిమా అని నేననను. ఆ టవర్‌లో హత్యలు కూడా జరుగుతాయి కదా. మొదట తీసిన ముగింపులో హంతకుడు జీకే. ముందస్తు ప్రదర్శనల్లో జనానికి నచ్చలేదని ముగింపు మార్చి, హత్యలు ఇంకొకరి మీదకి నెట్టారు. దాంతో కెమెరాల మనిషి ఉత్త “చూసేవాడు”గా మిగిలిపోయాడు. కార్లీ ఆ తెరల గదిని ధ్వంసం చేసి, ఇకనైనా నీకంటూ ఒక బతుకు చూసుకో అన్నట్టు ఒక్క ముక్క అనేసి వెళ్లిపోతుంది. ఎవర్నీ చంపనంత వరకు చూడటం చిన్న దురలవాటే అనే భావం అక్కడ మిగిలిపోతుంది. నాకు ఆ సినిమా మీద కోపం దాని పడగ్గది సీన్ల వల్ల కాదు, ఈ ముగింపు వల్ల.

ఈ తరహాకంతటికీ తల్లివేరు లాంటిది 1954లో ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్ తీసిన ‘రియర్ విండో’. అందులో శృంగారం చూపుల్లోనే ఉంటుంది. మీరు చూశారో లేదో, కొంచెం చెబుతాను. కాలికి కట్టుతో చక్రాల కుర్చీలో కూలబడ్డ ఫొటోగ్రాఫర్ జెఫ్. పాత్ర జేమ్స్ స్టీవర్ట్‌ది. వేసవి ఉక్కకి చుట్టూ ఉన్న ఇళ్ల కిటికీలన్నీ తెరిచే ఉంటాయి. మొదట కాలక్షేపానికి చూస్తాడు, తర్వాత బైనాక్యులర్లు, ఆ తర్వాత టెలిఫొటో లెన్సు. ఎదురింట్లో ఒక భర్త భార్యని చంపేశాడేమోనన్న అనుమానం వస్తుంది. ఆ అనుమానం నిజమవుతుంది కాబట్టి, తొంగిచూడటం మంచిదేనన్నట్టు ఈ కథని చాలామంది గుర్తుపెట్టుకుంటారు. హిచ్‌కాక్ అంత తేలిగ్గా వదల్లేదు. కథ మొదట్లోనే జెఫ్‌కి సేవలు చేసే నర్సు స్టెల్లా, తొంగిచూసేవాళ్లకి న్యూయార్క్ రాష్ట్రంలో ఆర్నెల్ల శిక్ష ఉందని హెచ్చరిస్తుంది. ఎదుటివాళ్ల ఇళ్లలోకి చూడటం మాని, బయటికొచ్చి మన ఇంట్లోకి మనం చూసుకుంటే మేలంటుంది.

అవతలి కిటికీలో ఒంటరిగా ఉండే ఒకావిడకి జెఫ్ ఒక మారుపేరు పెట్టుకున్నాడు. అసలు పేరు అతనికి తెలియదు. మీ వారి “ఫోర్ నాట్ టూ” చదివినప్పుడు నాకు వెంటనే ఆవిడే గుర్తొచ్చింది. రోజూ చూస్తూనే ఉన్నా, ఒక రాత్రి ఆవిడ చావడానికి మాత్రలు ముందేసుకుని కూర్చుంటే జెఫ్ ధ్యాస ఇంకో కిటికీ మీద ఉంటుంది. ముందు గమనించేది స్టెల్లా. ఇంకో రాత్రి పై అంతస్తులో ఉండే దంపతుల పెంపుడు కుక్కని ఎవరో మెడ విరిచి చంపేస్తారు. ఆ ఇంటావిడ అందరి కిటికీల వైపూ తిరిగి ఏడుస్తూ అరుస్తుంది. ఇరుగుపొరుగంటే అర్థం తెలుసా మీకు, ఇరుగుపొరుగు వాళ్లయితే ఒకరితో ఒకరు మాట్లాడుకుంటారు, ఎవరు బతికారో ఎవరు చచ్చారో పట్టించుకుంటారు, మీలో ఒక్కరికీ అది లేదు అని. అందరూ కిటికీల్లోకి వస్తారు. ఆ మాట అందరికంటే ఎక్కువ తగలాల్సింది జెఫ్‌కి. అతను మాత్రం ఏ కిటికీలోకి మనిషి రాలేదో అదే చూస్తుంటాడు. అక్కడ చీకట్లో సిగరెట్ నిప్పు ఒక్కటే కనిపిస్తుంది. అతనికి ఇంకో ఆధారం దొరికింది, అంతే. ఆవిడ ఏడుపు అతనికి చేరనే లేదు.

తర్వాత హంతకుడు తల తిప్పి నేరుగా లెన్సులోకి చూస్తాడు. జెఫ్ లెన్సులోకంటే మన కళ్లలోకే. సినిమా మొత్తంలో ఒళ్లు జలదరించే క్షణం అదే. అంతసేపూ చీకట్లో హాయిగా కూర్చుని చూసినవాడు, తననీ ఒకరు చూడగలరని తెలియగానే దీపం ఆర్పమంటాడు. చివరికి వాడు గదిలోకే వచ్చి, నా నుంచి నీకేం కావాలి అని అడుగుతాడు. జెఫ్ దగ్గర జవాబు లేదు. హంతకుడి నోట వచ్చినా, అది న్యాయమైన ప్రశ్నే. ఆ అమ్మాయి ఒకవేళ మీ వారిని అదే అడిగితే ఆయన ఏం చెబుతారు? సెక్రటరీ బాధ్యత అంటారా?

‘బాడీ డబుల్’ సంగతి క్లుప్తంగా. బ్రయన్ డి పాల్మా 1984లో తీశాడు. ఎదురింటి కిటికీలో రోజూ కనిపించే నాట్యాన్ని టెలిస్కోపుతో చూసి మురిసిపోయిన జేక్‌కి, అదంతా తననొక సాక్షిగా వాడుకోవడానికి పన్నిన నాటకమని ఆలస్యంగా తెలుస్తుంది. చూసేవాడు తనే యజమానిననుకుంటాడు, ఆడించేది ఇంకొకరు. 2021లో వచ్చిన ‘ది వాయర్స్’ కూడా ఆ మెలికే తిప్పింది. ఎదురింటి జంటని చూస్తున్నామనుకున్న పిప్పా, థామస్‌లని నిజానికి ఆ ఎదురింటివాళ్లే ఫొటోలు తీసి ప్రదర్శనకి పెడతారు. అద్దె కాగితాల్లో చదవకుండా సంతకం పెట్టిన ఒక నిబంధనే దానికి ఆధారం. నాకు ఆ సినిమాలో కోర్కెల సీన్ల కన్నా ఆ నిబంధనే భయం పుట్టించింది. లోకంలో దానికి దగ్గరి కథ జరిగింది కూడా. న్యూయార్క్‌లో ఆర్నీ స్వెన్సన్ అనే ఫొటోగ్రాఫర్ ఎదుటి అద్దాల భవనంలో ఉన్నవాళ్లని వాళ్లకి తెలియకుండా టెలిఫొటో లెన్సుతో తీసి 2013లో ప్రదర్శన పెట్టాడు. చిన్నపిల్లల ఫొటోలు చూసి ఒక కుటుంబం కోర్టుకెక్కింది. కళ కిందికి వస్తుందని 2015లో అప్పీలు కోర్టు కూడా ఆయన పక్షానే తీర్పిచ్చింది. ఇలా ఇళ్లలోకి చొరబడటం కలవరపెట్టేదేననీ, చట్టాలు చేసేవాళ్లు దీని సంగతి చూడాలనీ ఆ న్యాయమూర్తులే రాశారు.

ఇక మీ వారి రెండో మాట. “కెమెరా ఉందని తెలిసీ ఎవరు చేయమన్నారు?” ఈ వాదన పాతదే. లండన్‌లో టేట్ మోడర్న్ అనే కళా ప్రదర్శనశాల 2016లో పై అంతస్తులో చుట్టూ తిరిగి ఊరు చూసే వీక్షణ మంటపం తెరిచింది. ఎదురుగా నియో బ్యాంక్‌సైడ్ అని అద్దాల గోడల ఫ్లాట్లున్నాయి. ఊరు చూడటానికి వచ్చినవాళ్లు ఆ ఇళ్లలోకి చూసేవారు, ఫొటోలు తీసేవారు, కొందరు బైనాక్యులర్లు తెచ్చుకునేవారు. ఫ్లాట్లవాళ్లు దావా వేస్తే కింది కోర్టు అన్నదీ మీ వారి మాటలాంటిదే. అద్దాల ఇల్లు కొనుక్కున్నది మీరే, కర్టెన్లు వేసుకోండి అంది. 2023 ఫిబ్రవరిలో బ్రిటన్ సుప్రీంకోర్టు, ఐదుగురిలో ముగ్గురి మెజారిటీతో, అది సరికాదంది. ఇబ్బంది పెట్టేది ఒకరైతే, కర్టెన్ వేసుకోవాల్సిన భారం ఇబ్బంది పడేవాళ్ల మీద వేయకూడదన్నది ఆ తీర్పు సారం. మన సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో, తొమ్మిదిమంది న్యాయమూర్తులూ ఏకగ్రీవంగా, గోప్యత ప్రాథమిక హక్కన్నారు. బయట నలుగురిలో ఉన్నంత మాత్రాన మనిషి ఆ హక్కు పోగొట్టుకోడనీ, అది మనిషిని అంటిపెట్టుకుని ఉంటుందనీ అందులో ఉంది. లిఫ్టులో కెమెరా ఉందని ఆ అమ్మాయికి తెలిసే ఉండొచ్చు. దొంగతనమో దెబ్బలాటో జరిగితే చూడటానికని ఆమె దాన్ని ఒప్పుకుంది. సెక్రటరీ గారు రాత్రి మంచమెక్కి చూసుకోవడానికి ఒప్పుకోలేదు.

చట్టం సంగతి ఉన్నదున్నట్టు చెబుతాను, భయపెట్టను. 2013లో శిక్షాస్మృతిలో 354సి సెక్షన్‌గా చేరి, 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 77గా ఉన్న సెక్షన్ ఈ నేరం గురించే. స్త్రీ తననెవరూ చూడరనుకునే చోట, ఏకాంతంగా ఉన్న స్థితిలో ఆమెని చూసినా, చిత్రీకరించినా, దాన్ని ఇంకొకరికి చేరవేసినా నేరం. మొదటిసారి 1 నుంచి 3 ఏళ్లు, మళ్లీ చేస్తే 3 నుంచి 7 ఏళ్లు జైలు, జరిమానా. తీయడానికి ఆమె ఒప్పుకున్నా పంచడానికి ఒప్పుకోకపోతే, పంచడం నేరమే. ఐటీ చట్టంలో 66ఈ సెక్షన్ ఒంటి మీది రహస్య భాగాల చిత్రాలు తీసి పంపేవాళ్లకి 3 ఏళ్ల దాకా జైలు చెబుతోంది. మీరు రాసిన లిఫ్టు క్లిప్ ఈ సెక్షన్లలోకి నేరుగా వస్తుందని నేను చెప్పలేను. లిఫ్టు పడగ్గది కాదు. కాబట్టి “జైలుకెళ్తావ్” అని బెదిరించి మాట మొదలుపెట్టకండి, ఆయన ఏ వకీలునో అడిగి వచ్చి “చూశావా, ఏమీ లేదు” అంటారు. కానీ ఏ కెమెరా అయినా ఎవరి కిటికీ వైపో, బాల్కనీ వైపో తిరిగి ఉంటే, ఆయన ఫోన్లో అలాంటి క్లిప్పులేవైనా ఉంటే మాత్రం సంగతి పూర్తిగా మారిపోతుంది. అప్పుడు చెరిపేయడంతో సరిపోదు, దాచిపెట్టడం మీ పని కాదు. మీరు విడిగా ఒక వకీలుతో మాట్లాడండి.

ఈ సినిమాల్లో కనపడనిది, మన అపార్ట్‌మెంట్లలో ఉన్నది ఒకటుంది. వాటిల్లో చూసేవాడు దాక్కుంటాడు, దీపం ఆర్పుకుంటాడు, తను చేసేది తప్పని అతనికి తెలుసు. మన దగ్గర చూసేవాడు కమిటీ కుర్చీలో కూర్చుంటాడు. “ఫ్యామిలీలు ఉండే చోటు”, “అపార్ట్‌మెంట్ పరువు”, “బ్యాచిలర్స్‌కి ఇస్తే ఇంతే” అంటాడు. చూడటం తన డ్యూటీ అనుకుంటాడు, ఆ డ్యూటీలో తనకి సరదా కూడా ఉందని తనకి తానే ఒప్పుకోడు. మీ వారిని చెడ్డమనిషని నేననడం లేదు. నలుగురి కోసం కష్టపడే సెక్రటరీలే చాలామంది, ఆయనా ఆ పని అలాగే మొదలుపెట్టి ఉంటారు. “నేను సైతం” అంటూ హైదరాబాద్‌లో పోలీసులే కాలనీలనీ అపార్ట్‌మెంట్లనీ కెమెరాలు పెట్టుకోమని ప్రోత్సహించారు, అందులో మేలూ జరిగింది. కెమెరా ఉండటంతో నాకు పేచీ లేదు. ఒక్క మనిషి జేబులో, అడిగేవాడు లేకుండా, రాత్రీ పగలూ ఉండటంతోనే పేచీ.

అందుకని ముందు ఆయన ఫోన్లోంచి ఆ కెమెరాల యాప్ తీయించండి. గొడవ పడుతూ కాదు, బాబు లేనప్పుడు, ఫోన్ పక్కన పెట్టించి, కూర్చుని చెప్పండి. “నాకు ఆ సినిమాలు ఇష్టం, నీతో చూడటం ఇంకా ఇష్టం. వాటిల్లో ఉన్నవాళ్లు ఒప్పుకుని చేశారు. ఈ అమ్మాయి ఒప్పుకోలేదు. నువ్వు ఆమెని చూస్తున్నప్పుడు పక్కన పడుకోవడం నాకు కష్టంగా ఉంది.” ఇంతకు మించి అక్కర్లేదు. “మన అబ్బాయి పెద్దయి వేరే ఊళ్లో అద్దెకుంటే” లాంటి పోలికలు తేకండి. ఆ అమ్మాయి ఎవరి కూతురో, ఎవరి చెల్లెలో అయితేనే గౌరవం ఇవ్వాలన్నట్టు అవుతుంది. ఆయన కోప్పడితే పడనివ్వండి, మాట మాత్రం వెనక్కి తీసుకోకండి.

యాప్ తీసేయడం ఒక్కటే చాలదు, పాస్‌వర్డ్ ఉంటే మళ్లీ వేసుకోవచ్చు. రికార్డింగ్ డబ్బా వాచ్‌మన్ గదిలోనో ఆఫీసు గదిలోనో తాళంలో ఉండాలి. పాస్‌వర్డ్ మార్చి, ఇద్దరి చేతిలో పెట్టాలి, అందులో ఒకరు ఆడవాళ్లయితే మంచిది. పాత రికార్డింగ్ చూడాలంటే ఎవరడిగారు, ఎందుకు, ఏ తేదీ, ఎవరి ఎదుట చూశారు అన్నది పుస్తకంలో రాయాలి. కారిడార్ కెమెరా ఎవరి గుమ్మంలోకీ చూడకూడదు, తలుపు తీస్తే హాలు కనపడే కోణం ఉంటే తిప్పించాలి. పాత రికార్డింగ్ ఎన్నాళ్లకి చెరిగిపోవాలో తీర్మానం చేసుకోవాలి. ఇవన్నీ మీ వారే జనరల్ బాడీలో ప్రతిపాదిస్తే ఆయనకీ గౌరవం. ఆయన చేయనంటే సభ్యురాలిగా మీరు ప్రతిపాదించండి. సొంత ఫ్లాట్ మీది కూడా.

సినిమాలు మానక్కర్లేదు. వాటి వల్ల ఆయన ఇలా తయారయ్యారని నేననుకోను. యాప్ చేతికి రాకముందు కూడా మీరిద్దరూ అవే సినిమాలు చూశారు, అప్పుడు నాలుగో ఫ్లోర్ అమ్మాయి రాకపోకలు ఆయనకి తెలియవు కదా. మీకు ఇష్టముంటే ‘రెడ్ రోడ్’ చూడండి. ఆండ్రియా ఆర్నాల్డ్ 2006లో తీసింది. గ్లాస్గోలో వీధి కెమెరాల గదిలో ఉద్యోగం చేసే జాకీ ఒకరోజు తెరమీద తనకి తెలిసిన మనిషిని చూస్తుంది, డ్యూటీ కాస్తా సొంత పనైపోతుంది. అధికారంతో చూడటం ఎక్కడ దారి తప్పుతుందో అంత నిదానంగా, జాలితో చూపించిన సినిమా ఈ తరహాలో నాకు ఇంకోటి కనపడలేదు. అయితే ఆయనకి పాఠం చెప్పడానికని మాత్రం పెట్టకండి. ఈ గొడవ తేలాక, మీకు మళ్లీ పక్కపక్కన కూర్చోవాలనిపించినప్పుడు చూడండి.

ఆ అమ్మాయికి చెప్పాలా అన్నది వీటన్నిటిలో కష్టమైన ప్రశ్న. క్లిప్ మీ వారి ఫోన్ దాటకుండా, ఇంకెవరూ చూడకుండా ఉంటే నేను ఆలోచించేదాన్ని. కానీ ఇద్దరు చూశారు. ఆ ఇద్దరూ రోజూ ఆమెకి ఎదురుపడే మనుషులు. తన గురించి ముగ్గురు మగవాళ్లకి తెలిసింది తనకి తెలియకపోవడం అన్యాయం. చెప్పండి.

చెప్పే ముందు రెండు విషయాలు తేల్చుకోండి. ఆ క్లిప్ ఎవరికైనా వాట్సాప్‌లో వెళ్లిందా అని మీ వారిని సూటిగా అడగండి. గ్యాలరీ, ఫోన్ దానంతటది దాచుకునే బ్యాకప్, చెత్తబుట్ట ఫోల్డర్, మూడు చోట్లా చూడండి. ఆ అమ్మాయికి చెప్పేదాకా చెరపకండి, ఉంచాలో చెరపాలో ఆమె చెప్పాలి. రెండోది, ఆమె ఓనర్ చెవిన ఇది పడకుండా చూడండి. మన అపార్ట్‌మెంట్లలో ఇలాంటిది బయటపడితే సెక్రటరీ కుర్చీ కదలదు, అద్దెకున్న అమ్మాయికే ఇల్లు ఖాళీ చేయమని ఫోనొస్తుంది. మీరు భయపడాల్సింది దానికి. కమిటీలో ఎవరైనా ఆ మాటెత్తితే, తప్పు ఎవరిదో మీరు గట్టిగా చెప్పగలగాలి.

మీ వారిని మాత్రం ఆమె దగ్గరికి పంపకండి. పోలండ్ దర్శకుడు కీస్లోవ్‌స్కీ 1988లో తీసిన ‘ఎ షార్ట్ ఫిల్మ్ అబౌట్ లవ్’లో వార్సా నగరపు ఫ్లాట్లలో ఉండే టోమెక్ అనే కుర్రాడు, ఎదురింటి మాగ్దాని టెలిస్కోపుతో చూస్తూ, చివరికి ఆమె ఎదుటికి వెళ్లి నేను నిన్ను చూస్తుంటాను అని చెప్పేస్తాడు. సినిమాగా అది నాకు ప్రాణం. బతుకులో మాత్రం, చూసినవాడే వచ్చి గుమ్మంలో నిలబడితే ఆ అమ్మాయికి ఇంకా భయం. ఆయన క్షమాపణ చెప్పాలనుకుంటే, వినాలా వద్దా అన్నది ఆమె ఇష్టం.

మీరు ఒక్కరే వెళ్లండి. ఆమె ఒంటరిగానో, తోటి అమ్మాయితోనో ఉన్నప్పుడు. జరిగింది చెప్పండి, ఎవరెవరు చూశారో చెప్పండి, కెమెరాల విషయంలో ఏం మార్పించారో, ఇంకా ఏం మారలేదో చెప్పండి. “మా ఆయన మంచివాడే” అనకండి. “ఎవరికీ చెప్పకమ్మా” అసలే అనకండి. మీరు కూడా కలిసి సినిమాలు చూశారన్న సంగతి ఆమెకి అక్కర్లేదు. ఆమె ఏడవొచ్చు, మీ మీద అరవొచ్చు, ఏమీ అనకుండా తలుపు వేసుకోవచ్చు. మీ నంబరు ఇచ్చి వచ్చేయండి. తర్వాత ఆమె జనరల్ బాడీలో మాట్లాడతానంటే పక్కన కూర్చోండి. షీ టీమ్స్‌కో పోలీస్ స్టేషన్‌కో వెళ్తానంటే ఆపకండి. మీరేం చూశారో చెప్పమంటే, చూసింది చూసినట్టు చెప్పండి.